పొద్దుకో పొర

2023లో శివరాత్రి ఫిబ్రవరి 18న వచ్చింది. అర్ధరాత్రి దాటాక రెండున్నరకు మా వాడకట్టు వాళ్లమంతా ఒక బండి మాట్లాడుకుని జనగామ నుంచి కాళేశ్వరం బయలుదేరాం. వాకిట్లో నిలబడితే పళ్లు టకటకలాడే చలి. ఆ చలిని చూసి అమ్మకు రెండు స్వెటర్లు తొడిగాను. మంకీ క్యాప్ పెట్టి, మీద మందపాటి శాలువా కప్పాను. నేను జీన్స్ ప్యాంటు, దళసరి టీషర్టు, దానిమీద దూది జాకెట్ వేసుకున్నాను. అన్నీ సరిగ్గా చేశాననే ధీమాతో బండెక్కాను.

తెల్లవారేసరికి గోదావరి ఒడ్డుకు చేరాం. అమ్మ స్వెటర్లు విప్పి నాకిచ్చి, నదిలో మూడు మునకలు వేసి వచ్చింది. పొడిచీర కోసం సంచిలో చెయ్యి పెట్టాను. అందలేదు. మార్పు బట్టలు సంచి అడుగున ఉన్నాయి. వాటి మీద పులిహోర గిన్నె, కొబ్బరికాయలు, మూడు దుప్పట్లు. తడిచీరతో నదిగాలికి నిలబడి అమ్మ వణుకుతోంది. నేను సంచిని ఇసుకలో కుమ్మరించి వెతుకుతున్నాను. "బిడ్డా, సలి ఎముకల్లకు పోతాంది. ఏదన్న ఒకటి ఇయ్యరాదు, కప్పుకుంట" అంది. చేతికందిన స్వెటరు ఇచ్చాను. తడి ఒంటి మీద వేసుకున్న క్షణాల్లో అదీ తడిసిపోయింది.

అదే అమ్మ మధ్యాహ్నం ఒంటిగంటకు దర్శనం వరుసలో ఎండకు తాళలేక కింద కూర్చుండిపోయింది. నా జీన్స్ చెమటకు ఒంటికి అతుక్కుపోయింది. రెండు చేతుల నిండా స్వెటర్లు, శాలువా, జాకెట్. నీళ్ల సీసా పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

ఆ రాత్రి ఇల్లు చేరాక చాలాసేపు నిద్ర పట్టలేదు. నేను అజాగ్రత్తగా ఉన్నానా అంటే లేను. తక్కువ సర్దానా అంటే, అందరికంటే పెద్ద సంచి నాదే. మరి తప్పెక్కడ జరిగింది? ఆలోచిస్తే తెలిసింది. రెండున్నర గంటలప్పుడు వాకిట్లో ఉన్న చలిని చూసి రోజు మొత్తానికి బట్టలు నిర్ణయించాను. తెల్లవారు ఆరింటికి నది ఒడ్డున అమ్మకు ఏం కావాలో, మధ్యాహ్నం ఒంటిగంటకు వరుసలో ఏం కావాలో అడుగలేదు. గడప దగ్గరి వాతావరణమే దారంతా ఉంటుందనుకున్నాను.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ప్రయాణానికి సంచి సర్దేటప్పుడు ఊరి పేరు, నెల పేరు తర్వాత చూడండి. ముందు ఆ రోజులోని గంటలను చూడండి. ఏ పొద్దుకు ఆ పొర.

ఈ కాలం తీరు తెలుసుకుందాం

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని మనం అంటాం. మాట నిజమే. కానీ వెళ్లే చుట్టం ఒక్కసారిగా గడప దాటడు. చెప్పులు వేసుకున్నాక మళ్లీ వెనక్కి తిరిగి ఒక మాట చెబుతాడు. మాఘం చివరి నుంచి ఫాల్గుణం దాకా, అంటే మామిడి పూత పిందెగా మారి, అడవిలో మోదుగ ఎర్రబడే రోజుల్లో, చలి, ఎండ, వాన మూడూ ఒకే రోజు పలకరించవచ్చు.

దీనికి కారణం ఉంది. ఈ నెలల్లో మన ప్రాంతం మీద ఆకాశం ఎక్కువగా మబ్బు లేకుండా ఉంటుంది. గాలిలో తేమ తక్కువ. మబ్బు నేలకు దుప్పటి లాంటిది. ఆ దుప్పటి లేనప్పుడు పగలు తాగిన వేడినంతా నేల రాత్రి ఆకాశానికి వదిలేస్తుంది. అందుకే ఫిబ్రవరి రెండో సగంలో తెల్లవారుజామున 17, 18 డిగ్రీల దగ్గర ఉండే వేడి, మధ్యాహ్నానికి 33, 34 డిగ్రీలకు చేరడం ఇక్కడ మామూలే. అడవి పక్కన, వాగు పక్కన తెల్లవారు చలి ఇంకొంచెం ఎక్కువ.

ఇక మార్చి వచ్చాక మూడో చుట్టం వస్తాడు. బంగాళాఖాతం వైపు నుంచి వచ్చే తేమగాలి, ఉత్తరం వైపు నుంచి వచ్చే పొడిగాలి మన మీద కలుసుకుంటాయి. రేడియోలో, టీవీలో "ద్రోణి" అని చెప్పేది చాలాసార్లు ఇదే. కింద నేల కాగి ఉంటుంది. ఆ వేడికి తేమగాలి నిటారుగా పైకి లేచి, మధ్యాహ్నం దాటాక కొండల్లాంటి మబ్బులు కడుతుంది. ఆ మబ్బుల్లో నీటిబొట్లు గడ్డకట్టే ఎత్తుకు పోయి, మంచురాళ్లై రాలుతాయి. ముందు గాలిదుమారం, వెంట ఉరుములు, ఆ వెనుక రాళ్లవాన.

అది ఎంత దెబ్బ కొడుతుందో 2023లోనే చూశాం. మా కాళేశ్వరం ప్రయాణం జరిగిన నెల రోజులకు, మార్చి మూడో వారంలో, వడగండ్ల వానలు తెలంగాణలో మక్కజొన్న, మిర్చి, మామిడి పంటలను నేలకూల్చాయి. మార్చి 23న అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు మహబూబాబాద్ జిల్లా పెద్దవంగర మండలం రెడ్డికుంట తండాకు వచ్చి పంటలు చూశారు. ఎకరానికి 10,000 రూపాయల సాయం ప్రకటించారు. చేతికొచ్చిన పంటకు ఆ వాన ఎంత నష్టమో, దారిలో ఉన్న మనిషికీ అంత ప్రమాదమే. ఈ నెలల్లో వానేం పడుతుందిలే అనే మాటను సంచి సర్దేటప్పుడు పక్కన పెట్టండి.

నిరుటి సంచి ఈ ఏటికి చాలదు

మనలో చాలామంది చేసే రెండో పొరపాటు ఇది. "నిరుడు శివరాత్రికి ఉక్కపోసింది, ఈసారి స్వెటరెందుకు?" అంటారు. పండుగ పేరు అదే అయినా, పండుగ పడే రోజు మారుతుంది. శివరాత్రి 2022లో మార్చి 1న, 2023లో ఫిబ్రవరి 18న, 2024లో మార్చి 8న, 2025లో ఫిబ్రవరి 26న, 2026లో ఫిబ్రవరి 15న వచ్చింది. చంద్రమానం ఏడాది మన క్యాలెండరు ఏడాది కంటే సుమారు 11 రోజులు చిన్నది. అందుకే పండుగ ఏటేటా ముందుకు జరుగుతుంది. అధికమాసం వచ్చిన ఏడు మళ్లీ వెనక్కి, దాదాపు 19 రోజులు పోతుంది. ఫిబ్రవరి 15కూ మార్చి 8కీ మధ్య మూడు వారాల తేడా. ఈ కాలంలో మూడు వారాలంటే తెల్లవారుజామున చెద్దరు కావాలా వద్దా అన్నంత తేడా.

మేడారం జాతర కూడా అంతే. 2020లో ఫిబ్రవరి 5 నుంచి 8 వరకు, 2022లో 16 నుంచి 19 వరకు, 2024లో 21 నుంచి 24 వరకు జరిగింది. 2026లో జనవరి 28 నుంచి 31 వరకు జరిగింది. 2024లో వెళ్లొచ్చిన అనుభవాన్ని నమ్ముకుని 2026కు సర్దుకున్నవాళ్లు, అడవిలో గుడారం కింద దాదాపు మూడున్నర వారాల ముందటి చలిలో పడుకున్నారు.

కాబట్టి మొదటి అడుగు: తిథి చూశాక తారీఖు చూడండి. తారీఖు చూశాక బయలుదేరే ముందు రోజు సాయంత్రం వాతావరణ శాఖ హెచ్చరిక చూడండి. పసుపు రంగు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే వెంటనే జాగ్రత్త చర్యలు తీసుకోమని. ఆ శాఖవారి "మౌసమ్" యాప్ ఫోన్లో పెట్టుకోండి. పిడుగుల హెచ్చరికకు "దామిని" యాప్ ఉంది. రెండు నిమిషాల పని ఇది.

మూడు గంటల లెక్క

ఇప్పుడు ఒక తెల్లకాగితం తీసుకోండి. దానిమీద మూడు సమయాలు రాయండి: తెల్లవారు 5, మధ్యాహ్నం 1, సాయంత్రం 5. ప్రతి సమయం పక్కన మూడు ప్రశ్నలకు జవాబు రాయండి. అప్పటికి నేనెక్కడ ఉంటాను? కూర్చుని ఉంటానా, నడుస్తుంటానా, నిలబడి ఉంటానా? ఒళ్లు తడిసే పని ఏమైనా ఉందా?

ఆ రోజు ఈ లెక్క నేను వేసి ఉంటే కాగితం మీద ఇలా వచ్చేది. తెల్లవారు 5: బండిలో, కూర్చుని, కిటికీ గాలి. ఆ వెంటనే నదిలో స్నానం. మధ్యాహ్నం 1: ఆరుబయట వరుస, నిలబడి, ఎండ. సాయంత్రం 5: తిరుగు ప్రయాణం, మబ్బు పట్టవచ్చు. ఇంత రాసుకుంటే, సంచిలో అన్నిటికంటే పైన ఉండాల్సింది పొడిచీర అని నాకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఈ లెక్కలో ఒక మేలు ఉంది. భయంతో సర్దేవాడు కనిపించిన ప్రతి వస్తువునూ సంచిలో కుక్కుతాడు. గంటలు చూసి సర్దేవాడికి ఏది ఎందుకు తీసుకెళ్తున్నాడో తెలుసు. ఏ గంటకూ జవాబు చెప్పని వస్తువు ఇంట్లోనే ఉండిపోతుంది. సంచి బరువు తగ్గుతుంది, ధైర్యం పెరుగుతుంది.

ఒంటి మీద పొరలు

చలిని ఆపేది బట్ట మందం ఒక్కటే అనుకుంటాం. నిజానికి బట్టకూ బట్టకూ మధ్య నిలిచే గాలే మనల్ని వెచ్చగా ఉంచుతుంది. అందుకే ఒక దళసరి జాకెట్ కంటే మూడు పలుచని పొరలు మేలు. ఎండ ఎక్కిన కొద్దీ ఒక్కొక్కటి తీసేయవచ్చు. జాకెట్‌ను సగం తీయలేం కదా.

మొదటి పొర ఒంటికి తగిలేది. పలుచని నూలు చొక్కా, కుర్తా లేదా జాకెట్టు, లేత రంగుది, చేతులు పొడుగున్నది. మధ్యాహ్నం మిగిలేది ఇదొక్కటే కాబట్టి ఎండకు తగ్గట్టు ఎంచుకోండి. నూలుకు ఒక గుణం ఉంది, చెమటను బాగా పీల్చుకుంటుంది, కానీ ఆరడానికి టైం తీసుకుంటుంది. అందుకే చెమటకు తడిసిన నూలు బట్టతోనే రాత్రి చలిలోకి పోవద్దు. పొద్దు గుంకగానే మార్చుకోండి.

రెండో పొర వెచ్చదనానికి. పలుచని స్వెటరు ఒకటి, ముందు గుండీలున్నదైతే తీయడం వేయడం సులువు. తల మీది నుంచి తొడిగేది బస్సు సీట్లో కూర్చుని విప్పాలంటే కష్టం, ముఖ్యంగా పెద్దవాళ్లకు.

మూడో పొర గాలికి, వానకు. పలుచని రెయిన్‌కోటు ఈ రెండు పనులూ చేస్తుంది. బైకు మీద పోయేవాళ్లకు ఇది తప్పనిసరి. గంటకు 50, 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే 18 డిగ్రీల గాలి కూడా ఒంట్లోని వేడిని లాగేస్తుంది. ఉన్ని స్వెటరు రంధ్రాల్లోంచి గాలి దూరుతుంది, దానిమీద రెయిన్‌కోటు వేస్తే ఆగుతుంది. ఏదీ లేనప్పుడు చొక్కా లోపల ఛాతీ మీద ఒక దినపత్రిక పరుచుకోండి. అది గాలిని బాగానే ఆపుతుంది.

పొరల విద్యను నేను పుస్తకంలో నేర్చుకోలేదు. మా వైపు గొర్రెల కాపరుల భుజం మీది గొంగడిని చూసి నేర్చుకున్నాను. దక్కనీ గొర్రెల ముతక ఉన్నితో నేసే గొంగడి అది. నేతకు ముందు ఉన్ని దారానికి చింతగింజల గంజి పెట్టి గట్టిపరుస్తారు. చినుకు పడితే దానిమీద నుంచి జారిపోతుంది. జడివానకు కాస్త నానినా ఉన్ని కాబట్టి వెచ్చదనం చావదు. చలికి కప్పుకుంటారు, వానకు కొప్పె వేసుకుంటారు, మధ్యాహ్నం చెట్టు కింద మడిచి తలకింద పెట్టుకుంటారు, రాత్రి పరుచుకుంటారు. ఒక్క బట్ట, నాలుగు పనులు. మీరు గొంగడి తీసుకెళ్లనక్కరలేదు. కానీ సంచిలో పెట్టే ప్రతి వస్తువునూ ఆ గొంగడి ముందు నిలబెట్టి అడగండి: నువ్వు కనీసం రెండు పనులు చేస్తావా?

పెద్ద తువ్వాల చేస్తుంది. తుడుచుకోవచ్చు, ఎండకు తలకు చుట్టుకోవచ్చు, తెల్లవారు చెవులకు కట్టుకోవచ్చు. పాత నూలుచీర చేస్తుంది. కప్పుకోవచ్చు, పరుచుకోవచ్చు, నది ఒడ్డున బట్టలు మార్చుకోవడానికి అడ్డం పట్టవచ్చు. దూది జాకెట్ ఒక్క పనే చేస్తుంది, మిగతా పద్నాలుగు గంటలు మన చేతికి బరువవుతుంది.

సర్దే వరస: మిర్చి కల్లం చెప్పిన పాఠం

మానుకోట (మహబూబాబాద్) వైపు ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఊళ్లకు ఊళ్లే ఎర్రగా కనిపిస్తాయి. కోసిన మిర్చిని కల్లాల్లో ఆరబోస్తారు. ఆ ఘాటుకు దారిన పోయేవాళ్లకు దగ్గు వస్తుంది. డోర్నకల్ దారిలో ఒకసారి ఒక కల్లం దగ్గర ఆగాను. ఆరబోసిన కాయల అంచునే టార్పాలిన్ పట్టాలు మడిచిపెట్టి ఉన్నాయి. అవి ఎగిరిపోకుండా పైన రాళ్లు. ఆకాశంలో మబ్బు పెంకంత కూడా లేదు. "ఇంత ఎండల పట్టాలెందుకు పెద్దమ్మా?" అని అడిగాను. కాయలను కాళ్లతో తిప్పుతూనే ఆమె చెప్పింది: "మొగులు వచ్చినంక ఇంటికి ఉరుకుతె కాయ ఆగుతదా బిడ్డా? ఎండ ఉన్నప్పుడే దగ్గర పెట్టుకోవాలె."

సంచి సర్దే శాస్త్రం మొత్తం ఆ మాటలో ఉంది. వస్తువు మన దగ్గర ఉంటే చాలదు. అవసరం వచ్చిన నిమిషంలో చేతికందాలి.

అందుకని సంచిని మూడు అంతస్తులుగా చూడండి. అడుగున, ఇల్లు లేదా సత్రం చేరేదాకా తీయనివి పెట్టండి: రెండో రోజు బట్టలు, రాత్రికి చెద్దరు. నడుమ, రోజులో ఒకసారి తీసేవి: తినే వస్తువులు, తువ్వాల. పైన, క్షణంలో కావాల్సినవి: రెయిన్‌కోటు, పొడి బట్టల జత ఒకటి, స్వెటరు. పక్క జేబులో నీళ్ల సీసా, మందులు.

పొడిజతను లోదుస్తులతో సహా ఒకే ప్లాస్టిక్ కవరులో కట్టి, మూతికి ముడి వేయండి. ఇంట్లో ఎందరు బయలుదేరితే అన్ని కవర్లు, ఒక్కొక్కరి జత ఒక్కొక్క కవరులో. వానలో సంచి తడిసినా ఆ జత తడవదు. ఇంకో రెండు ఖాళీ కవర్లు కూడా ఉంచండి, తడిబట్టలు వాటిలో వేసుకోవడానికి. తడిబట్టలు పొడిబట్టల్లో కలిస్తే అన్నీ తడిబట్టలే.

ఆధార్ కార్డు, డబ్బులు, ఫోన్ కోసం ఒక జిప్ కవరు పెట్టుకోండి. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ ఆడవాళ్లకు టికెట్ లేని ప్రయాణం ఉంది. దానికి తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపాలి. ఆ కార్డు వాన నీళ్లలో నానకూడదు.

మూడు జిల్లాలు, మూడు దారులు

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు మూడూ 2016 అక్టోబరు 11న ఒకేనాడు ఏర్పడ్డాయి. మూడింటి దారుల తీరు మాత్రం వేరు.

జనగామ సికింద్రాబాద్, కాజీపేట రైలు దారి మీద ఉంది. చుట్టూ బండరాళ్ల గుట్టలు, తాటిచెట్లు, పల్చటి నీడ. పాలకుర్తి సోమేశ్వరుడి గుట్టకో, పోతన పేరుతో ముడిపడిన బమ్మెరకో పోయేవాళ్లకు అసలు పరీక్ష మధ్యాహ్నం ఎండ. ఇక్కడ తలకు గుడ్డ, చేతిలో నీళ్లు ముఖ్యం. మెట్లు, బండలు కాగి ఉంటాయి కాబట్టి గుడి దగ్గరికి పొద్దున తొమ్మిది లోపే చేరేలా బయలుదేరండి. సరైన వేళ కూడా ఒక పొరే. సాయంత్రం ఉరిమితే మాత్రం తాటిచెట్టు కిందికి పరుగెత్తకండి. మైదానంలో ఎత్తుగా, ఒంటరిగా నిలబడ్డ చెట్టు మీద పిడుగు పడే ప్రమాదం ఎక్కువ.

మహబూబాబాద్‌కు కాజీపేట నుంచి డోర్నకల్ మీదుగా విజయవాడ పోయే రైలు దారి ఉంది. తెల్లవారు రైల్లో జనరల్ పెట్టెలో తలుపు దగ్గర నిలబడి పోయేవాళ్లు చెవులకు తువ్వాల కట్టుకోవాలి. శివరాత్రికి కురవి వీరభద్రస్వామి దగ్గర జాగారం ఉండేవాళ్లకు అసలు పరీక్ష అర్ధరాత్రి దాటాక వస్తుంది. సాయంత్రం ఉక్కగా ఉందని చెద్దరు బండిలో వదిలి గుడి దగ్గరికి పోవద్దు. ఉపవాసంతో ఉన్న ఒంటికి చలి తొందరగా ఎక్కుతుంది. కింద పరుచుకోవడానికి ఒకటి, మీద కప్పుకోవడానికి ఒకటి ఉండాలి, ఎందుకంటే నేల చల్లదనం కింది నుంచి పైకి పాకుతుంది.

భూపాలపల్లికి ప్రయాణికుల రైలు లేదు. హన్మకొండ నుంచి పరకాల మీదుగా బస్సే. బొగ్గు గనుల ఊరు, లారీలు తిరిగే దారి కాబట్టి ముక్కుకు, నోటికి దస్తీ కట్టుకోవడం మంచిది. ఆ దస్తీనే ఎండకు తడిపి మెడకు చుట్టుకోవచ్చు. గణపురం కోటగుళ్లు చూసి కాళేశ్వరం పోయేవాళ్లకు ఒకే రోజులో అడవి చలి, నది తడి, ఇసుక వేడి మూడూ తగులుతాయి. ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న కాళేశ్వర ముక్తేశ్వరుడి దర్శనానికి ముందు చాలామంది గోదావరి, ప్రాణహిత కలిసే చోట స్నానం చేస్తారు. స్నానానికి పలుచని పాలిస్టర్ చీరో, లుంగీయో కట్టుకోండి, తొందరగా ఆరుతుంది. ఒడ్డుకు రాగానే ముందు తల తుడవండి, తర్వాత తడిబట్ట పూర్తిగా విప్పి పొడిబట్ట కట్టండి, ఆ తర్వాతే స్వెటరు. ఈ వరస తప్పితే స్వెటరు ఉండీ లేనట్టే. చెప్పులు ఒడ్డునే వదిలి దూరం పోకండి. పొద్దున చల్లగా ఉన్న ఇసుక మధ్యాహ్నానికి అరికాళ్లు కాలుస్తుంది.

పెద్దవాళ్లు, పసివాళ్లు

మనకు వేసినంత చలి, మనకు తగిలినంత ఎండ వాళ్లకూ అనుకోవద్దు. వయసు మీద పడినవాళ్ల ఒళ్లు చలిని, వేడిని తట్టుకోవడం నెమ్మదిస్తుంది. దాహం కూడా తొందరగా తెలియదు. అందుకే "నీళ్లు కావాలా?" అని అడగకండి, గంటకోసారి సీసా చేతికివ్వండి. పసిపిల్లలకు తలకు టోపీ ముఖ్యం. ఎండెక్కగానే దాన్ని తీయడం కూడా అంతే ముఖ్యం. చలి పోయాక కూడా పిల్లలను మూటగట్టి ఉంచితే లోపల చెమట పట్టి, ఆ చెమటే సాయంత్రం చలువవుతుంది. మెడ వెనుక చెయ్యి పెట్టి చూడండి. తడిగా ఉంటే ఒక పొర తీయాలి, చల్లగా ఉంటే ఒక పొర వేయాలి.

ఓఆర్‌ఎస్ పొట్లాలు రెండు పెట్టుకోండి. పొట్లం మీద ఎన్ని నీళ్లని రాసి ఉందో అన్నిట్లోనే కలపండి. అవి లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, తలగొట్టి కొలిచి, చాయ్ చెంచాతోనే వేయండి.

ఉరుములు మొదలైతే ఒక లెక్క గుర్తుంచుకోండి. మెరుపు కనిపించాక ఉరుము వినిపించే దాకా సెకన్లు లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు దూరం. ముప్పై లోపే వినిపిస్తే వెంటనే పక్కా భవనంలోకో, తలుపులు మూసిన బస్సు, కారులోకో పోవాలి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగి బయటికి రావాలి. బైకు మీద ఉంటే, ఎంత తొందరున్నా ఆపాలి.

ఈ వారం చేయండి

ఒకటి: రాబోయే మీ ప్రయాణానికి మూడు గంటల కాగితం రాయండి. పక్క ఊరికి పెళ్లికి పోయినా సరే రాయండి.

రెండు: సంచిలో పెట్టబోయే వస్తువులన్నీ మంచం మీద పరిచి, ఒక్కొక్కటీ ఏ గంటకు, ఎన్ని పనులకు అని అడగండి. జవాబు లేనిదాన్ని అల్మరాలో పెట్టేయండి.

మూడు: సంచి కట్టాక కళ్లు మూసుకుని రెయిన్‌కోటు, పొడిజత తీయండి. పది లెక్కపెట్టే లోపు చేతికి రాకపోతే మళ్లీ సర్దండి.

నాలుగు: మీతో వచ్చే పెద్దవాళ్లను కూర్చోబెట్టి, పోయినసారి ఏ పొద్దున ఇబ్బంది పడ్డారో అడగండి. వాళ్లు తమంతట తాము చెప్పరు. ఆ ఒక్క జవాబు వాతావరణ హెచ్చరికంత విలువైనది.

నాలుగో పనిని నేను ఆలస్యంగా చేశాను. 2025లో శివరాత్రి ఫిబ్రవరి 26న వచ్చింది. ముందు రోజు రాత్రి మంచం మీద బట్టలు పరిచి అమ్మను పిలిచాను. ఆమె స్వెటరు ఒకటి పక్కకు తీసేసి, ఆ స్థానంలో పాత నూలుచీర పెట్టింది. పొడిజత కవరు తానే ముడివేసి సంచి మీద పెట్టింది.

తెల్లవారాక గోదావరి ఒడ్డున రెండు నిమిషాల్లో అమ్మ పొడిచీర కట్టుకుంది. స్వెటరు గుండీలు పెట్టుకుంటూ చుట్టూ చూసింది. మాకు కొంచెం దూరంలో ఒకామె తడిసిన పిల్లను ఒళ్లో పెట్టుకుని, సంచి ఇసుకలో కుమ్మరించి వెతుకుతోంది. అమ్మ నా వైపు కూడా చూడలేదు. సంచిలోంచి నూలుచీర తీసి, నాలుగు మడతలు పెట్టి, పిల్లకు కప్పి వచ్చింది.

బండెక్కాక చీర సంగతి గుర్తొచ్చి, వెనక్కి పోయి తెస్తానన్నాను. అమ్మ నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. "ఉండనీ బిడ్డా. మనకు పొడిది ఉన్నది గద" అంది.